నిండు కోర్టులో వదులుకున్న బిరుదు

మొన్న అమెరికాలో, అల్ఫారెట్టాలో మా తమ్ముడి కొడుకు వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని సిటిజన్‌షిప్ దరఖాస్తు నింపుతూ, ప్రశ్నలు పూర్తిగా చదవకుండానే నో, నో అని నొక్కుకుంటూ పోతుంటే, వంశపారంపర్యంగా వచ్చిన బిరుదులున్నాయా అన్న చోట ఆగమన్నాను.

"పెదనాన్నా, ఇవన్నీ జస్ట్ ఫార్మాలిటీ. అన్నిటికీ నో కొట్టేయడమే," అన్నాడు.

డెబ్బైల చివర అదే ప్రశ్నకు నేను 'ఉంది' అని రాశాను.

మాది జమీందారీ పోయిన ఇల్లు. తనను చూసి లేచి నిలబడే మనిషి ఒక్కడూ మిగలకపోయినా మా తాతగారు చివరిదాకా ఉదయాన్నే తలపాగా చుట్టుకుని కచేరీ చావడిలో కూర్చునేవారు. నా దరఖాస్తు చూసిన అధికారి ఆ ముక్క కొట్టేయమన్నాడు, లేకపోతే ఆలస్యమవుతుందన్నాడు. నెలలోపు పౌరసత్వం వస్తేనే ఫెడరల్ కోర్టులో నాకు గుమాస్తా ఉద్యోగం; ఇంట్లో మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. అయినా కొట్టెయ్యలేదు. భూములు తీసుకున్నారు గాని పేరు తీసుకోలేదు, ఉన్నదాన్ని లేదని సంతకం పెట్టను అన్నాను.

బిరుదున్నవాడు దాన్ని నిండు కోర్టులో వదులుకోవాలని చట్టం. ప్రమాణం చేయించే జడ్జిగారు బట్టల మిల్లు కార్మికుడి కొడుకు. అంతమందిలో నన్నొక్కణ్ణే ముందుకు పిలిచి బిరుదేమిటని అడిగారు. రాజా అన్నాను. వెనక బెంచీల్లో నవ్వారు. ఆయన నవ్వలేదు, ఆ నవ్వులు ఆగేదాకా కూర్చున్నారు.

"బిరుదుతో సహా పూర్తి పేరు చెప్పండి. ముందది రికార్డులోకి ఎక్కాలి. తరవాత వదులుకుందురుగాని."

తాతగారి ఎదుట చెప్పినట్టు గొంతెత్తి చెప్పాను. ఆ తరవాత వదులుకున్నాను. ఎవరూ లాక్కోలేదు, నేనే ఇచ్చాను.

ఉద్యోగం ఆయన కోర్టులోనే దొరికింది. దాదాపు పదేళ్లపాటు ఆయన లోపలికి వస్తుంటే అందరినీ లేవమని కేక వేసింది నేనే. ఎనభైల్లో, జైల్లో ఖైదీలను నేలమీద పడుకోబెట్టడానికి వీల్లేదని ఆయన తీర్పు చెప్పాక, రోజూ భోజనానికి తోడొచ్చే లాయర్లే, ఖైదీలను వెనకేసుకొచ్చారన్న కోపంతో, ఆయన్ని చూసి రోడ్డు దాటి అవతలికి పోయేవారు. ఆయన తీర్పులో అక్షరం మార్చలేదు, హోటల్లో తన బల్లా మార్చలేదు. టోపీ పెట్టుకుని ఒక్కరే వెళ్లేవారు. ఒకరోజు నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"మిమ్మల్నీ పలకరించడం మానేస్తారు," అన్నారాయన.

"మా ఇంట్లో అది అలవాటేనండి," అన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నవ్వేవాళ్లను ఆపి మన పేరు పూర్తిగా చెప్పించే మనుషులను చూసిన మన తరంవాళ్లం ఇంకెంతమందిమి మిగిలామో తెలియదు.

"మనకేముంది పెదనాన్నా, వదులుకోవడానికి?" అని మావాడు నో నొక్కాడు. స్క్రీను ఎవర్నీ ఏమీ అడగలేదు. తరవాతి పేజీ వచ్చేసింది.