పురుగుల షెడ్డు పక్కన చైనా గోరింట

మా అత్త లెక్కలో చెట్లు రెండే రకాలు. ఆకు కోసి పురుగులకు వేసేది ఒకటి, కొట్టి పొయ్యిలో పెట్టేది ఇంకొకటి. నేను చింతామణి నర్సరీ నుంచి తెచ్చి పురుగుల షెడ్డు పక్కన నాటిన చైనా గోరింట ఈ రెంటిలోకీ రాలేదు. మాది మండికల్ దగ్గర పల్లె. పట్టుపురుగులు పెంచుతాం, ఇంటి వెనకంతా మల్బరీ తోట. పెళ్లయిన కొత్తలో వాకిలి బోసిగా కనిపించి ఆ మొక్క తెచ్చాను. ఎండలు ముదిరాక కొమ్మల చివర ముడతలు ముడతలుగా గులాబీ గుత్తులు వేస్తుంది. చలికాలంలో ఆకంతా రాల్చేసి మోడై నిలబడుతుంది. అప్పుడే మాకు గొడవ.

"మల్బరీ కట్టె మాదిరి మట్టానికి కొయ్యమ్మా, గుబురుగా చిగురిస్తాది," అనేది అత్త, కొడవలి చేతబట్టుకుని.

"వద్దత్తా. ఎండిన గుత్తులు, అడ్డం పడిన పుల్లలు తీస్తే సాలు. మొదలు కోస్తే దాని రూపే పోతాది."

"రూపంట! దానికేమన్నా పెళ్లిచూపులా?"

ఏటా ఇదే పాట. ఏటా కొడవలికి అడ్డంగా నేను నిలబడేదాన్ని. బెరడు ఊడి నున్నగా తేలిన ఆ కాండాల మీద చెయ్యి వేస్తే, ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఇదొక్కటే అనిపించేది. నవ్వితే నవ్వండి, అప్పటికి అది నిజం.

పోయిన వేసవిలో, మొగ్గ తొడిగే వేళకు ఆకుల అడుగున పేనుబంక చేరింది. ఆకులు జిగటగా అయి, పైన మసి పట్టింది. వేరే ఇంట్లో అయితే మందు కొట్టేవాళ్లు. మా ఇంట్లో ఆ మాటెత్తడమే పాపం. మందు గాలి తగిలితే చాలు, పురుగులు పోతాయి. అవి షెడ్డులో ఉన్నన్నాళ్లూ మేము అగరుబత్తి వెలిగించం, తలకు వాసన నూనె రాసుకోం, బయటివాళ్లను ఆ గడప దాటనివ్వం. అందుకే కుంకుడుకాయలు నానబెట్టి పిసికి, ఆ రసం స్ప్రే సీసాలో పోసి ఆకుల అడుగున కొట్టి, తడిగుడ్డతో తుడిచేదాన్ని.

అప్పటికి పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. కుబుసం విడిచే నిద్రను మా వైపు జ్వరమంటారు. ఇక ఆబగా ఆకు తినడం, గూళ్లు కట్టడమే మిగిలింది. ఇంటిల్లిపాదీ నడుములు విరిగేలా చేసిన చాకిరీ అంతా ఆ తట్టల్లో ఉంది. ఆ మధ్యాహ్నం నేను చెట్టు తుడిచి సీసా మెట్టు మీద పెట్టానో లేదో, షెడ్డులోంచి అత్త కేక వినబడింది.

"అయ్యో దేవుడా! పురుగులు కక్కతాండాయి!"

పరుగెత్తాను. పురుగులు తలలెత్తి ఊపుతూ, మెలికలు తిరుగుతూ పచ్చటి రసం కక్కుతున్నాయి. మందు దెబ్బ. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అత్త బయటికొచ్చింది. ఆమె చూపు మెట్టు మీది సీసా దగ్గర ఆగింది.

"ఏం కొట్నావు చెట్టుకు?"

"కుంకుడు రసం అత్తా. నీ ఎదురుగానే కదా పిసికింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ లేకుండానే నా చేతులు కొంగుకు తుడుచుకున్నాను. అది చాలు ఆమెకు. మచ్చుకత్తి తెచ్చింది. నేను అడ్డం వెళ్లేలోపే మొదటి కాండం మొగ్గలతో సహా నేలకూలింది. "ఇంటిని ముంచే చెట్టు! ఇంటిని ముంచే చెట్టు!" అంటూ ఒక్కొక్కటే నరికింది. ఎంత కోపంలోనూ ఆ చెయ్యి అలవాటు తప్పలేదు. అన్నీ జానెడు ఎత్తున, మల్బరీ కట్టె కోసినట్టే కోసింది.

నాకు ఒళ్లంతా మంట. దాని వెనకే భయం. నిజంగానే కుంకుడు రసమే వాటిని చంపుతోందా? ఏమో, ఎవరు చూశారు? తోటలోంచి మా ఆయన వచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం.

"చేటలో ఏసి చూద్దాం," అన్నాన్నేను. "కొత్త ఆకంటే నాలుగు పురుగులకేసి చూడల్ల అని నువ్వే కదత్తా నేర్పించినావు."

మా ఆయన చెట్టు పక్క మల్బరీ సాలు నుంచి ఒక పిడికెడు, అవతలి గట్టు పక్క సాలు నుంచి ఒక పిడికెడు ఆకు తెచ్చాడు. ఉదయం వేసింది రెండు చోట్లదీ కలిపి కోసిన ఆకే. రెండు చేటల్లో వేసి, బాగున్న పురుగుల్ని ఏరి వదిలాం. ఇక తట్టల్లో మిగిలినవన్నీ ఆకలితో తలలెత్తి వెతుకుతున్నాయి. ఏ ఆకు మంచిదో తెలిసేదాకా వేయడానికి లేదు. వేస్తే మందుతో చావు, వేయకపోతే ఆకలితో. అత్త గోడకు చేరగిలబడి చేటల మీద నుంచి చూపు తిప్పలేదు. నేనూ అంతే. చెట్టు పక్క ఆకు వేసిన చేటలో ఒక్క పురుగు తల వంకర తిప్పినా ఈ ఇంట్లో నా మాటకు ఇక విలువ లేదు.

పొద్దు వాలుతుండగా గట్టు పక్క ఆకు తిన్న పురుగు కక్కింది. దాని వెనకే ఇంకోటి. నా చేటలోవి ఈనెల దాకా కొరికేసి ఇంకా కావాలన్నట్టు పాకుతున్నాయి.

మా ఆయన గట్టు ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "గట్టవతల టమాటా తోటకు నిన్న మందు కొట్టినారు. గాలి ఇట్ల తిరిగుండాది," అన్నాడు.

అత్త చటుక్కున లేచింది. చెట్టు పక్క సాళ్లలోని ఆకంతా తనే కోసుకొచ్చి తట్టలకు వేసింది. కొన్ని తట్టలు పోయాయి. మిగతావి ఆ ఆకుతోనే గట్టెక్కి గూళ్లు కట్టాయి.

నేను మాత్రం ఆమెతో మాట్లాడడం మానేశాను. అన్నం పెట్టేదాన్ని, అంతే. ఆమె క్షమించమనే మనిషి కాదు. అడిగినా క్షమించే స్థితిలో నేను లేను. ఒక ఉదయం చూస్తే జానెడు మోళ్ల నుంచి ఎర్రటి చిగుళ్లు వస్తున్నాయి. వాటి చుట్టూ పాదు తీసి ఉంది. అత్త షెడ్డులోంచి పురుగుల పెంట గంపకెత్తి తెచ్చి పాదులో పోస్తోంది. మా ఇంట్లో ఆ ఎరువు మల్బరీకి తప్ప దేనికీ వేయరు. అప్పట్నుంచి ప్రతి పంటకూ ఒక గంప.

ఈ వేసవికి నా ఎత్తు దాటి పెరిగింది. ఒత్తుగా, నిగనిగలాడుతూ, అంతా ఆకే. ఊళ్లో మిగతా పూలచెట్లన్నీ విరబూశాయి, దీనికి ఒక్క మొగ్గ లేదు. ఎరువు ఎక్కువైతే చైనా గోరింట అంతే, ఆకు మీదే పడుతుంది, పూయడం మరిచిపోతుంది. నాకది తెలుసు. నిన్న అత్త చెట్టు కింద నిలబడి, కొమ్మ వంచి, చివర్లు వెతికింది. చాలాసేపు వెతికింది. నా వైపు చూడకుండానే అడిగింది:

"పూలు రాలేదేమ్మా? ఎరువు సాల్లేదేమో. ఇంకో గంప ఎయ్యాల్నా?"



"ఎయ్యత్తా," అన్నాను.