తొందరపడి మోగించిన గంట

నిరుడు నగరిలో మా వీధి జాతరకు వెరైటీ ప్రదర్శనలు ఎంపిక చేసే పని నా మీద పడింది. "పుస్తకాలు సదివే బిడ్డవి, నువ్వే జడ్జివి" అంటూ మామ నా చేతికి గంట ఇచ్చాడు. ఎవరైనా మాట మరిచి నిలబడిపోతే గంట కొట్టాలి, వెంటనే తెర వేసేస్తారు, ఇక వాళ్లకు జాతరలో చోటుండదు. నలుగురిలో నోరు విప్పలేని నాకు అది సులువుగానే తోచింది.

మరమగ్గాల షెడ్డులో పనిచేసే మునెమ్మక్క మిమిక్రీకి వచ్చింది. నోటితోనే మగ్గాల హోరు పుట్టించి, ఆ హోరులో అరుచుకుంటూ మాట్లాడుకునే ఆడవాళ్లను అనుకరించింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎంపిక చూడటానికి చేరిన జనమంతా ఆమెనే చూస్తున్నారు. మరిచిపోయిందనుకుని గంట కొట్టేశాను. తెర పడింది.

"అయ్యో పాపా, ఆడ కరెంటు పోయిండాది! మగ్గం ఆగినా తెలీక అట్నే అరుస్తారే, నవ్వంతా ఆడే కదా!" అని వెనక నుంచి ఒక అవ్వ కేకేసింది. అందరూ నవ్వారు, నన్ను చూసి.

తెర వెనక్కి పరుగెత్తి, మళ్లీ చేయమని అక్కను బతిమాలాను.

"అవ్వ సెప్పేసినాక ఇంగ నవ్వేదెవురు పాపా? జాతరకు మాయమ్మను గూడా రమ్మనింటి" అంటూ ఆమె ముఖం తిప్పుకుంది.

మాట కోసం నేను తడుముకునేటప్పుడు ఎదుటివాళ్లు కాస్త ఆగాలని ఎప్పుడూ కోరుకుంటాను. ఆ రోజు నేనే ఆగలేదు.