చెనక్కాయ చేలో గోల్ఫ్

మా మామగారు కోలారు బంగారు గనుల్లో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ఐరాల దగ్గరున్న మా ఊరికి వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలతో పాటు ఒక పొడవాటి తోలుసంచి నిండా గోల్ఫ్ కర్రలు తెచ్చుకున్నారు. తెల్లదొరల కాలం నుంచి గనుల్లో గోల్ఫ్ మైదానం ఉండేది. దొరలు వెళ్లిపోయాక అక్కడి ఉద్యోగులు ఆడేవారు. మామ కూడా అక్కడే నేర్చుకున్నారు. మా ఊళ్లో ఆ కర్రల్ని చూసినవాళ్లు మాత్రం పాముల్ని కొట్టడానికి తెచ్చుకున్నాడేమో అనుకున్నారు.

తొంభైల చివర్లో సంగతి ఇది. నేను అప్పుడు పూతలపట్టులో లెక్కల టీచర్ని. రిటైరైన వాళ్ల కోసం గనుల్లో ఏటా చలికాలంలో ఒక పోటీ పెట్టేవారు. ఒక్కొక్కరూ తమ ఇంటి మనిషిని జతగా తెచ్చుకోవాలి. మామ ఎప్పుడూ తన తమ్ముడితో వెళ్లేవారు. ఆ ఏడు చిన్నమామకు చూపు బాగా తగ్గిపోయింది. జత లేదని తెలిసి, గనుల్లో మామతో పనిచేసిన స్నేహితుడు ఒకాయన ఫోన్ చేశారు. ఆయన గొంతు పెద్దది, వంటింట్లోకి కూడా వినిపించింది.

"ఈ తూరి రాలేవా అప్పా? పోనీలే. ఇంట్లో కూసోని సెనక్కాయలు వొలుసుకో."

మామ నవ్వి ఫోన్ పెట్టేశారు గాని, ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. మీరు వెళ్లరాదా అని మా ఆయన్ని అడిగాను.

"ఆ కర్ర పట్టుకుంటే నా నడుము పట్టేస్తాది. నా వల్ల కాదు నాయనా," అన్నారాయన తండ్రి వైపు చూస్తూ.

"నేనొస్తా మామా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. కాలేజీ రోజుల తర్వాత నేను పరుగెత్తింది కూడా లేదు.

అత్త వడ్డిస్తున్న గరిటె ఆపింది. "సీర కట్టుకోని ఆడతావా?"

"చుడీదార్ వేసుకుంటా అత్తా."

"రేప్పొద్దున కళ్లం కాడికి రా అమ్మా," అన్నారు మామ.

మా కళ్లం పక్కనే చెనక్కాయ పీకేసిన చేను ఉండేది. మొదటిరోజు నా బలమంతా పెట్టి కొట్టాను. మట్టిపెళ్లలు లేచాయి గాని బంతి కదల్లేదు. మణికట్టు జివ్వుమంది. మళ్లీ కొడితే బంతి అడ్డంగా పోయి పక్కవాళ్ల చెరుకుతోటలో పడింది. ఒక వారమంతా ఇదే వరస. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

"నువ్వు బంతిని సంపాలని సూస్తా ఉండావు," అన్నారు మామ. "బంతి మీద పగ యాల? కర్ర పోయే దోవలో అదుండాది, అంతే."

అలా అని బంతిని జేబులో వేసుకున్నారు. చాలా రోజులు మళ్లీ బయటికి తీయలేదు.

ఆయన నేర్పిన అభ్యాసం చాలా చిన్నది. కర్రను తలకిందులుగా, ఇనుప కొన దగ్గర పట్టుకొని, ఉత్తి గాల్లో ఊపాలి. ఊపినప్పుడు గాలి రివ్వుమంటుంది. ఆ చప్పుడు ఎక్కడ వస్తుందో చెవి పెట్టి వినాలి.

"యాడ ఇనిపించింది?"

"కుడి భుజం దగ్గర మామా."

"సూసినావా? నీ బలమంతా ఆణ్ణే అయిపోయింది. ఎడమకాలి కాడ ఇనపడాల. నిదానంగా ఎత్తు. ముందు నడుం తిరగనీ, సేతులు దాని ఎనకే వస్తాయి."

తర్వాత రెండు పాదాలూ దగ్గరగా పెట్టి ఊపమన్నారు. కాస్త జబర్దస్తీ చేస్తే చాలు, తూలిపోతాం. నేను తూలి, పక్కన కుప్పేసిన చెనక్కట్టె వామిలో పడ్డాను. కాఫీ తెచ్చిన అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. కలుపుకు పోయే ఆడవాళ్లు గట్టు మీద ఆగి, "ఏందక్కా, గాలిని కొడతా ఉండావు?" అని అడిగేవారు. "అవును, గాలినే," అనేదాన్ని. రోజూ నేను బడికి పోయే బస్సు వచ్చేలోగా అదే పని.

ఒక ఉదయం ఆ చప్పుడు ఎడమకాలి దగ్గర వినిపించింది. మామ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఇంకోసారి ఊపాను, మళ్లీ అక్కడే. మామ జేబులోంచి బంతి తీసి నేల మీద పెట్టారు. కర్ర సరిగా తిప్పి పట్టుకొని, బంతిని మరిచిపోయి ఊపాను. చేతులకు ఏమీ తగిలినట్టే లేదు. తల ఎత్తేసరికి బంతి కానుగ చెట్ల పైన ఉంది. అవతలి గట్టు దాటి పడింది. మామ తానే నడుచుకుంటూ వెళ్లి దాన్ని తెచ్చారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన ముఖం చూసి, ఇక మేం పోటీకి వెళ్తున్నామని అర్థమైంది.

పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారి వెళ్లాం. మైదానంలో గడ్డి కంటే ఎర్రమట్టే ఎక్కువ. దూరంగా గనుల్లోంచి తీసి పోసిన మట్టిదిబ్బలు కొండల్లా కనిపిస్తున్నాయి. అందరి పక్కనా కొడుకులు, అల్లుళ్లు. ఫోన్ చేసిన స్నేహితుడు బెంగళూరులో ఇంజనీరైన కొడుకుతో వచ్చారు.

"కోడలమ్మను కూడా పిలుసుకోనొచ్చినావే," అన్నారాయన. "ఎండగా ఉండాది, నీడన కూసో తల్లీ."

"ఆమే నా జత," అన్నారు మామ.

ఒకే బంతిని జతలో ఇద్దరూ వంతులవారీగా కొడుతూ గుంతలో వేయాలి. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లు గెలిచినట్టు. నా మొదటి దెబ్బకు బంతి ముళ్లపొదల్లోకి పోయింది. మామ దాన్ని బయటికి కొట్టారు. అక్కణ్ణుంచి నాకు ఊపిరి కుదురుకుంది. ఒక్కో గుంత దాటుతూ చివరి గుంత దగ్గరికి వచ్చేసరికి మేమూ, ఆ స్నేహితుడి జతా అందరికన్నా ముందు, సమానంగా ఉన్నాం.

ఆ గుంతకు ముందు నీళ్లు లేక ఎండిన వంక ఒకటి అడ్డంగా ఉంది. ఇంజనీరు గట్టిగా బాదాడు. బంతి వంకలో పడింది. తర్వాతి వంతు నాది.

"ఇవతలే ఏద్దామా, దాటిద్దామా?" మామ మెల్లగా అడిగారు.

"దాటిద్దాం మామా."

ఆయన ఒక కర్ర తీసి నా చేతికిచ్చి వెనక్కి జరిగారు. నిదానంగా ఎత్తాను. నడుము తిరిగింది. బంతి వంక దాటి, అవతల ఒకసారి ఎగిరి, గుంతకు బారెడు దూరంలో ఆగింది. వంకలోంచి బయటపడటానికే అవతలి జతకు ఇంకో రెండు దెబ్బలు పట్టాయి. మామ వంగి, పసిబిడ్డను తట్టినట్టు మా బంతిని తట్టారు. అది దొర్లుకుంటూ వెళ్లి గుంతలో పడింది.

స్నేహితుడు వచ్చి మామ రెండు చేతులూ పట్టుకున్నారు. "నిన్ను గెలిసేదానికి ఇంగ నేనూ కోడల్ని ఎతుక్కోవాలప్పా," అన్నారు. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు.

తిరుగు బస్సులో మామ గెలిచిన కప్పును ఒళ్లో పెట్టుకున్నారు. అదేమిటని కండక్టరు ఊరికే అడిగాడు. పలమనేరు వచ్చేదాకా మామ అతనికి ఒక్కో దెబ్బనీ వదలకుండా ఆటంతా చెప్పారు. మా కోడలు, మా కోడలు అని ఎన్నిసార్లన్నారో. నేను కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాను.

మరుసటేడు కూడా మేమే గెలిచాం. ఆ ఏడు మైదానంలో చుడీదార్లు వేసుకున్న కోడళ్లు ఇంకొందరు కనిపించారు. ఒకామె తండ్రికి జతగా వచ్చింది. కర్ర ఎలా పట్టుకోవాలక్కా అని నన్నే అడిగింది. మా వంతు వచ్చేదాకా పక్కన నిలబడి చూపించాను.