ఆ బిడ్డ ఏడుపు

కర్నూలు కొండారెడ్డి బురుజును నెత్తిన పెట్టుకొని ఏండ్ల తరబడి వార్డు తిరుగుతున్నాను. ఎవరూ అడగలేదు. నేనూ దించలేదు. ఈ పొద్దు నీ ముందర దించుతాను. జాలి మాత్రం పడొద్దు, నాకది గిట్టదు.

కోయిలకుంట్ల దిక్కున ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును. నేనొక ముచ్చట చెప్తే క్వినైనుకు దిగని జ్వరం కూడా దిగుతుందని అనేవాళ్లు. అనేవాళ్లలో మొదటిదాన్ని నేనే.

ఒకరోజు మా డాక్టరు తెల్ల దొరసాని పల్లెలకు పోయినప్పుడు, పక్క పల్లె నుంచి నొప్పులతో ఎద్దులబండిలో లక్ష్మక్క వచ్చింది. కాన్పు నేనే చేసినాను. బిడ్డ ప్రాణం లేకుండానే పుట్టింది. ఆయా కరీంబీ గుడ్డలో చుట్టి తెర అవతలికి తీసుకపోయింది. తల్లికి నెత్తురు ఆగలేదు. కళ్లు మూతపడుతున్నాయి.

“బిడ్డ ఏడ్వలేదేమక్కా?”

“ఏడ్వలేదా! ఆ అరుపుకు కడప దర్గా పావురాలన్నీ లేచిపోయినాయి. నీకొక్కదానికే వినపడలేదు.”

“ఎవరి పోలిక?”

“అచ్చం మీ మామే. మీసమొక్కటే తక్కువ. కరీంబీ నీళ్లు పోస్తాండాది. కళ్లు తెరుచుకోనుండు, తెస్తాది.”

ఆమె నవ్వింది. నెత్తురు ఆగింది. నవ్వే ఆపిందా, పొట్ట మీద అదిమిపట్టిన నా చేతులు ఆపినాయా? నవ్వే అంటాను. ఆ అబద్ధానికి ఎవరికీ క్షమాపణ చెప్పను. రేపు అలాంటి తల్లి వస్తే మళ్లీ చెప్తాను, ఈసారి బిడ్డకు మీసం కూడా పెడతాను.

మరుసటి రోజు లక్ష్మక్కకు బిడ్డ లేదని తెలిసింది. ఏడ్చిన బిడ్డను ఆయానే చంపిందని లక్ష్మక్క మనుషులు ఆసుపత్రిని పీకి పందిరేసినారు. తిరిగొచ్చిన దొరసాని అందరి ముందర నన్నడిగింది, బిడ్డ ఏడ్చిందా అని.

ఏడ్వలేదంటే, తల్లికి అబద్ధం చెప్పినానని నా ఉద్యోగం పోతుంది. లక్ష్మక్క మనసు విరగ్గూడదనే అట్లా చెప్పినానని తర్వాత నాకు నేను శానా దినాలు నచ్చజెప్పుకున్నాను. నిజమేనా? కాదు. నాకు భయమేసింది.

“ఏడ్చింది,” అన్నాను.

తెర వెనక ముందురోజే అంతా విన్న కరీంబీ నా మొహంలోకి చూసింది. “ఏమమ్మా, ఇంత కురచగా చెప్తాండావే? ఆ పావురాలను కూడా ఎగరేయరాదా?”

ఆ సాయంత్రమే ఆమెను పంపేసినారు. బిడ్డను చంపిన చేతులని మళ్లీ ఏ ఇంటివాళ్లూ కాన్పుకు పిలవలేదు. కొన్నేండ్లకు ఆమె పోయింది. ఆ మాట పోలేదు.

బిడ్డ ఏడ్వలేదు. కరీంబీ చంపలేదు. ఏడ్చిందన్నది నేను. తిట్టుకుంటావా, తిట్టుకో. చెప్పేసినాను. ఈ నాలుగు ముక్కల్లో ఒక్కటీ పెంచి చెప్పలేదు.