ఏటేటా తలనీలాలు

బందరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో పక్క సీటావిడ నాకో తెల్లకాగితం, పెన్నూ ఇచ్చారు.

"కాస్త రాసిపెడతారా అండీ? నా రాత నాకే అర్థం కాదు."

చేపల వ్యాపారం చేస్తారట. కిటికీ పక్కన ఆవిడ బిడ్డ, పదహారేళ్ళుంటాయి. ఆడపిల్లగా పుట్టాడనీ, తాను అబ్బాయినని ఇంట్లో చెప్పేశాడనీ, అందుకే డాక్టరుకు చూపించడానికి మొదటిసారి తీసుకెళ్తున్నాననీ దాచకుండా చెప్పారు. చిన్నప్పటి సంగతులు రాసి తెమ్మని ఫోన్లో చెప్పారట డాక్టరుగారు.

"ఎప్పట్నించీ అని అడుగుతారు. ఏం చెప్పనండీ? నేనేం కనిపెట్టలేదు."

"గుండు సంగతి చెప్పమ్మా" అన్నాడు కుర్రాడు.

ఆవిడకు నవ్వాగలేదు. ఆరేళ్ళప్పటి నుంచి ఏటా మోపిదేవి స్వామికి తలనీలాలిస్తానని ఏడ్చి మరీ గుండు చేయించుకునేవాడట.

"వరసగా ఐదేళ్ళండీ. ఇంత భక్తి ఎవరి పిల్లకుందని వీధంతా చెప్పుకున్నా."

"గుండయ్యాక అద్దంలో అబ్బాయిని చూసుకుంటూ నించుంటే, అమ్మ గుళ్ళోకి లాక్కెళ్ళేదండీ" అన్నాడు వాడు.

అంతా రాశాను. భక్తి అన్న మాట కొట్టేయనా అని అడిగాను.

"ఉంచండి. స్వామికి ముందే తెలిసుంటది."

బెంజి సర్కిల్ దగ్గర కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంటూ, "ఆ డాక్టరు మావాడితో మంచిగా మాట్లాడితే ఈసారి గుండు నాదే" అన్నారు.

"నీకు బాగోదమ్మా."

"నీకు బాగుందిగా. దిగు."

ఆ ఏడు మోపిదేవి వెళ్ళినప్పుడు, గుండుతో కనిపించిన ప్రతి ఆవిడ ముఖంలోకీ చూశాను.