ఏదైనా సరే అన్నవాడికి ఏమివ్వాలి

చ్యూ లీయున్‌కు యాభై ఒక్క ఏళ్ళు. తావోయువాన్ పక్కన గ్వెయ్‌షాన్‌లో ఉన్న సర్వర్ల కర్మాగారంలో ఆమె కొలువు ఇరవై తొమ్మిదేళ్ళది. మొదటి పదేళ్ళూ బోర్డులకు టంకం వేసింది. సాయంకాలపు కళాశాలలో చదువుకున్నాక, టంకం వేసిన ఆ బోర్డులకే మాట నేర్పే విభాగంలోకి మారింది.

ప్రతి బోర్డు మూలనా ఒక చిన్న చిప్ ఉంటుంది. పెద్ద కంప్యూటర్ నిద్రపోయినా అది మేలుకొనే ఉంటుంది. వేడి ఎంత, ఫ్యాన్ల వేగమెంత అని దూరం నుంచి ఎవరడిగినా జవాబు చెప్పడం దాని పని. అడిగేది మనిషైతే రంగులూ పట్టికలూ ఉన్న పేజీ కావాలి; మరో యంత్రమైతే అలంకారం లేని అంకెలు కావాలి. అందుకని ప్రతి ప్రశ్నా తన వెంట ఒక జాబితా తెచ్చుకుంటుంది: ఉంటే ఇది, లేకుంటే అది, రెండూ లేకుంటే ఏదైనా సరే. ఆ జాబితా చదివి జవాబుకు ఏ రూపం తొడగాలో తేల్చే రెండువందల ప్రోగ్రాం వరుసలు లీయున్ రాసినవి. వాటిని ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోవలసినంత గొప్పవీ కావు. కానీ ఒకే సత్యం వినేవారిని బట్టి రూపం మార్చుకోవడమేమిటన్న ఆశ్చర్యం ఆమెకు ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

ఆ గురువారం పొద్దున్నే కావోషుంగ్‌లోని కొనుగోలుదారు సంస్థ నుంచి ఫిర్యాదు వచ్చింది. తొమ్మిది రోజుల కిందట బిగించిన నలభై యంత్రాల్లోనూ వేడి సున్నా అని వాళ్ళ నిఘా ప్రోగ్రాం చూపుతోంది. మధ్యాహ్నం మూడింటిలోపు కారణమూ కారకుడి పేరూ కాగితంలోని గడుల్లో రాసి పంపాలి, లేదంటే యంత్రాలు వెనక్కి వస్తాయి. వేడి కొలిచే సెన్సర్లూ ఫ్యాన్లూ థూ చెంగ్‌హాన్ చూసే పని. పాత కంపెనీ మూతపడ్డాక ఇక్కడ చేరిన అతని పరీక్షాకాలం ఇంకా పది రోజులుంది. కారకుడి గడిలో అతని పేరు పడితే పదకొండో రోజు ఉండదు.

"నలభై సెన్సర్లు ఒక్కసారే చచ్చిపోతాయా సార్?" అని లీయున్ విభాగాధిపతి గూను అడిగింది.

"ఒకే చేత్తో చేసిన తప్పు నలభై చోట్లా ఒకేలా ఉంటుంది" అన్నాడు గూ, చెంగ్‌హాన్ బల్ల వైపు చూడకుండా.

ఆమె తన తెర మీద ఆ నలభైలో ఒక యంత్రాన్ని తెరిచి చూసింది. నలభై ఒక్క డిగ్రీలు. వాళ్ళ తెర మీద సున్నా. ఒకే నోట రెండు మాటలెలా వస్తున్నాయి? చెంగ్‌హాన్ ఉద్యోగం సంగతి కాసేపు మరిచిపోయేంతగా ఆ ప్రశ్న ఆమెను పట్టుకుంది.

పదింటికి విభాగం మొత్తానికి భోజనం డబ్బాలు తెప్పించడం ఆమె అలవాటు. చెంగ్‌హాన్ ఎప్పటిలాగే "ఏదైనా సరే అక్కా" అన్నాడు. ధ్యాస ఎక్కడో ఉండి ఆమె అతని పేరుకెదురుగా పంది మాంసం డబ్బాకు గీత పెట్టింది. పన్నెండున్నరకు అటుగా వెళ్తూ చూస్తే, అతని డబ్బాకు రబ్బరు బ్యాండు ఇంకా అలాగే ఉంది.

"తినలేదేం?"

"తిన్నానక్కా. బాగుంది."

"బ్యాండు తియ్యకుండానే బాగుందా?"

అతను నవ్వాడు. అప్పుడు గుర్తొచ్చిందామెకు: పాడ్యమికీ పౌర్ణమికీ అతను మాంసం ముట్టడు. ఆ రోజు పౌర్ణమి.

"ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"మీరు తెచ్చి చేతికిచ్చాక కాదంటే ఏం బాగుంటుంది? అసలే ఇవాళ నా పేరు వినబడితేనే అందరికీ దడ."

లీయున్ గబగబా తన కుర్చీ దగ్గరికి నడిచింది. కావోషుంగ్ ప్రోగ్రాం అడిగిన ప్రశ్నలన్నీ చిప్ రాసుకునే చిట్టాలో నమోదై ఉన్నాయి. వాటి జాబితాలో ఉన్నది ఒకే మాట: ఏదైనా సరే. చిప్ రంగుల పేజీ ఇచ్చింది. ప్రోగ్రాం పుచ్చుకుంది, అందిందని చెప్పింది, తనకు పట్టే అంకె అందులో కనబడక నోరుమూసుకుని సున్నా వేసుకుంది. లేదు పొమ్మన్న జవాబైతే అడిగినవాడు ఉలిక్కిపడతాడు. మర్యాదగా అందిన పనికిరాని జవాబు ఎవరినీ ఉలిక్కిపడనివ్వదు.

మొన్నమొన్నటి వరకు పేజీకి ఒక చిరునామా, అంకెలకు మరొకటి ఉండేవి. గత నెల రెండింటినీ కలిపి, పేజీని ముందు పెట్టింది లీయునే. చూసేది మనిషేనన్న నమ్మకంతో పెట్టింది. పేజీ కావలసిన బ్రౌజర్ ఎలాగూ దాన్ని పేరు పెట్టి అడుగుతుంది కనుక, ఏదైనా సరే అన్నవారికి ముందుగా అంకెలివ్వాలని ఇప్పుడు క్రమం తిరగేసింది. మారింది ఒక్క వరుస. పరీక్షించి, కావోషుంగ్‌కు పంపేసరికి రెండుంబావు.

గూ అంతా విన్నాడు. "నియమం ప్రకారం మన తప్పు లేదు కదా. ఏదైనా అన్నవాడికి ఏదైనా ఇవ్వచ్చు. అడగందే అమ్మైనా పెట్టదు. వాళ్ళు సరిగ్గా అడగలేదని రాసేద్దాం."

"ఏడేళ్ళుగా అలాగే అడుగుతున్నారు సార్, ఏడేళ్ళూ అంకెలే ఇచ్చాం. మార్చింది నేను."

"ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ గడిలో నీ పేరు పడలేదు లీయున్."

"పడాల్సినప్పుడు ఎవరూ చూడలేదేమో."

ఆమె ఆ గడిలో తన పేరే రాసింది. చెంగ్‌హాన్ లేచి వచ్చి ఏదో అనబోయాడు. "నీ సెన్సర్ నిజమే చెప్పింది. దాన్ని మోసుకెళ్ళింది నేను. వెళ్ళి కూర్చో" అంది.

మూడుకు పది నిమిషాలుండగా కావోషుంగ్ నుంచి ఫోను మోగితే, లీయున్ ఎత్తి అందరికీ వినబడేలా పెట్టింది. అక్కడి యంత్రశాల చూసుకునే ఆవిడ ఒక్కో అంకె చదవసాగింది. నలభై ఒకటి. నలభై. నలభై రెండు. గూ తల ఊపుతూ వింటున్నాడు.

"పదిహేడోది... డెబ్భై మూడు."

గూ తల ఊపడం ఆపేశాడు.

"అది నాది" అన్నాడు చెంగ్‌హాన్. అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. "ఫ్యాన్ తిరగట్లేదన్నమాట. వేరే కాగితం తియ్యండి సార్, నా పేరు రాయండి."

"నలభైలో ఒకటి పోవడం వింతేం కాదు. ముందు రైలు అందుకో" అన్నాడు గూ. "సోమవారానికల్లా వచ్చెయ్. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాలి."

లీయున్ ఇంకా ఫోను పెట్టెయ్యలేదు. "ఆ పదిహేడోది ఎప్పటినుంచి అలా కాగుతోందండీ?"

"మాకెలా తెలుస్తుందమ్మా? ఇందాకటిదాకా మాకు కనబడింది సున్నాయేగా!"

ఆమె పంపబోతున్న కాగితాన్ని మళ్ళీ తెరిచింది. తన పేరు కింద ఇంకో వాక్యం చేర్చింది: తొమ్మిది రోజులపాటు పదిహేడో యంత్రపు వేడి ఎవరికీ కనబడలేదు. ఆ తరువాత పంపింది.