మూట మారినా మారని నొప్పి

భుజం మీద మూట లేకుండా కనబడితే చౌడేశ్వరమ్మని గుణదల కుక్కలు కూడా గుర్తుపట్టవు. మంగళగిరిలో భర్త ఆదిశేషయ్య మగ్గం మీద నేసిన చీరల్ని మూటగట్టుకుని, బస్సెక్కి, విజయవాడ వీధుల్లో ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. మూటెప్పుడూ ఎడమ భుజం మీదే. బేరమాడటానికి కుడి చెయ్యి ఖాళీగా ఉండాలిగా!

అందుకే ఎడమ భుజం లాగితే నేరం మూట మీద వేసింది. ఛాతీ బరువెక్కితే నిన్నటి గారెల మీద వేసింది. ఆదిశేషయ్య తీర్పు మరీ తేలిక.

"గ్యాసేనే. ఓ సోడా తాగు."

మన దగ్గర గుండె మగవాళ్ళకే ఉంటుంది. ఆడవాళ్ళకుండేది గ్యాస్. పోయినేడు ఆదిశేషయ్యకి ఛాతీ పట్టేస్తే వీధంతా కదిలి ఆటో తెచ్చింది. తీరా చూస్తే అది నిజంగానే గ్యాస్! ఈమె వంతు వచ్చేసరికి ఆటో రాలేదు, సోడా వచ్చింది.

సోడా తాగి, మూటెత్తుకుని, బస్సెక్కి గుణదలలో తెరేసమ్మ గుమ్మంలో దించేసరికి జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది. తెరేసమ్మ నర్సుగా చేసి రిటైరైంది. ఒక్క చీర కొనడానికి పది చీరలు విప్పిస్తుంది. ఆ రోజు ఒక్కటీ విప్పించలేదు.

"ఏంటే ఆ చెమట?"

"మూట బరువండీ. పొద్దుట్నించీ ఎడం భుజం లాగేస్తంటే దార్లో కుడి భుజం మీదికి మార్చుకున్నా."

"మార్చాక తగ్గిందా?"

చౌడేశ్వరమ్మకి అప్పుడు తట్టింది. "లేదండీ. మూటే మారింది. నొప్పి అక్కడే కూర్చుంది, ఖాళీ చెయ్యని అద్దెకున్నోడిలాగా."

తెరేసమ్మ అప్పటికే చెప్పులేసుకుంది. "పద, ఆటో ఎక్కు."

"చీర చూడరా మరి?"

"ముందు నిన్ను చూపిస్తా, నడువ్."

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, పెద్దగా తేడా కనబడలేదు. రక్తపరీక్ష కూడా మామూలుగానే ఉంది. చౌడేశ్వరమ్మ లేచి మూట వెతుక్కుంది. కంకిపాడులో పెళ్ళివారు చీరల కోసం ఎదురుచూస్తున్నారు.

డ్యూటీ డాక్టర్ సింధూరి ఆపింది. "కూర్చోండమ్మా. మూడు గంటలాగి మళ్ళీ రక్తం తీయాలి."

"బాగుందన్నారుగా డాక్టరమ్మా! ఉన్న నెత్తురంతా మీకే పోస్తే నేనేం చేసుకోను?"

మూటకోసం వంగబోయేసరికి, తెరేసమ్మ వెళ్ళి దాని మీదే కూర్చుంది.

"అయ్యో, ఇస్త్రీ చీరలండీ!"

"నలగనీ. ఆ నీలం చీర అమ్మినప్పుడు నాతో ఏమన్నావ్? చెప్పు!"

చౌడేశ్వరమ్మ నసిగింది. "తొలి తడుపు ఉప్పునీళ్ళలో కదా, రంగు పోయే గుణం దాక్కుంటది. రెండో తడుపు చూశాకే మంచి చీరో కాదో అనుకోండి అన్నా."

"చీరకి రెండు తడుపులు. నీ గుండెకి ఒకటి చాలా?"

సింధూరి నవ్వింది. "అచ్చం అంతేనమ్మా. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం నెత్తుట్లోకి దిగుతుంది. నొప్పి మొదలైన కొత్తలో కనపడకపోవచ్చు. రెండోసారికి పెరిగిందంటే దొంగ దొరికినట్టే."

తన మాటకే కట్టుబడాల్సి వచ్చి చౌడేశ్వరమ్మ మంచమెక్కింది. పడుకున్నా నోరు ఊరుకోలేదు. పక్కమంచం వాళ్ళ కోడలికి ఓ జరీ అంచు చీర అంటగట్టేసింది.

రెండో పరీక్షలో ట్రోపోనిన్ పెరిగింది. ఆంజియోగ్రామ్ చేస్తే రక్తనాళంలో అడ్డు కనబడింది. ఆ సాయంత్రమే స్టెంట్ వేశారు.

"పెరిగింది కొంచెమే. గుండెకి పెద్ద దెబ్బ తగల్లేదు, కోలుకుంటారు," అంది సింధూరి. "ఆ మూటెత్తుకుని కంకిపాడు బస్సెక్కుంటే మాత్రం..." ఆ తర్వాత మాట మింగేసింది.

ఆ మాట మనం మింగకూడదు. చీరలు కొనే నర్సమ్మ ప్రతి వీధిలోనూ ఉండదు. ఆడవాళ్ళ నొప్పిని నొప్పిగా వినే చెవీ, ఈ పరీక్షా, రెండోసారి చూసే ఓపికా ప్రతి మండలంలోని ఆసుపత్రిలోనూ ఉండాలి. అడిగితేగానీ రావు. అడగాలి.

కబురందిన ఆదిశేషయ్య పరుగున వచ్చాడు. జేబులో గ్యాస్ బిళ్ళలు.

"గ్యాస్ కాదంటనే?"

"కాదయ్యా," అంది చౌడేశ్వరమ్మ, నీరసంలోనూ దర్జాగా. "నాక్కూడా గుండె ఉందంట. రెండుసార్లు చూసి మరీ తేల్చారు. ఆ మూట అందుకో. కంకిపాడు పెళ్ళివారు కాసుక్కూర్చున్నారు."